సూపర్ నంబర్లు, ఆది చొక్కాలు, గంజి: మగవాళ్ల బట్టల గురించి అపోహలు – వాస్తవాలు

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో మాది మగవాళ్ల టైలరింగ్ షాపు. చొక్కాలు, ప్యాంట్లు, కోట్లు కుడతాం. టేపు మెడ చుట్టూ వేసేసరికి ప్రతి మనిషీ బట్టల మీద తనకు తెలిసిందేదో చెప్పడం మొదలుపెడతాడు. కొన్ని బట్టల షాపు సేల్స్‌మన్ చెప్పినవి, కొన్ని యూట్యూబ్‌లో చూసినవి, కొన్ని బావమరిది పెళ్లిలో విన్నవి. అన్నీ తప్పని కాదు. జేబుకి చిల్లు పెట్టేవాటి గురించే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: అంచు మీద సూపర్ 150 అని ఉంటే అది సూపర్ 100 కంటే మేలు రకం

ఆ నంబరు గుడ్డ నాణ్యతకు వేసిన మార్కు కాదు, ఉన్ని పోగు ఎంత సన్నమో చెప్పే లెక్క. అంతర్జాతీయ ఉన్ని పరిశ్రమ పెట్టుకున్న నియమం ప్రకారం సూపర్ 100 అనాలంటే పోగు సగటు మందం 18.75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటకూడదు. నంబరు పది పెరిగిన కొద్దీ అర మైక్రాన్ తగ్గుతుంది. అంటే సూపర్ 120కి 17.75, సూపర్ 150కి 16.25. పోగు సన్నబడేకొద్దీ గుడ్డ చేతికి మెత్తగా, జారుతూ తగులుతుంది. షాపులో ముట్టుకోగానే మనం పడిపోయేది అక్కడే. అదే సన్నపు పోగు త్వరగా అరుగుతుంది కూడా. రోజూ బైకు మీద కోవూరు నుంచి ఆఫీసుకి వచ్చే మనిషికి సూపర్ 150 ప్యాంటు కుడితే ముందు సీటు దగ్గర మెరుపొస్తుంది, తరవాత తొడల మధ్య పల్చబడుతుంది. రోజువారీ వాడకానికి 100, 110, మహా అయితే 120 చాలు. ఏడాదికి రెండు ఫంక్షన్లకి తీసే సూటు అయితే మీ ఇష్టం.

ఇంకో తమాషా ఉంది. టెర్రీ రేయాన్ తాను మీద కూడా బంగారు అక్షరాలతో 'సూపర్ 120' అని అచ్చేసి అమ్ముతారు. సూపర్ లెక్క ఉన్నికి పెట్టింది. పాలిస్టర్, విస్కోస్ కలిపిన గుడ్డ మీద ఆ మాటకి అర్థమే లేదు. అనుమానం ఉంటే కత్తిరింపు ముక్కలోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. మిక్సింగ్ అయితే రెండూ కొంచెం కొంచెం కనిపిస్తాయి. టెర్రీ రేయాన్ చెడ్డ గుడ్డని నేననను. ఇంట్లో ఉతుక్కోవచ్చు, ఇస్త్రీ మడత నిలబడుతుంది, ధర తక్కువ. దానికి ఉన్ని ధర పెట్టకండి, అంతే.

అపోహ: మన ఎండలకి కాటన్ తప్ప ఇంకేదీ పనికిరాదు

జీన్స్ ప్యాంటు కూడా కాటనే కదా. రోహిణి కార్తెలో అది వేసుకుని మధ్యాహ్నం స్టోన్‌హౌస్‌పేటలో ఒక చుట్టు తిరిగి రండి, తెలుస్తుంది.

చల్లదనం ఒక్క నూలు వల్ల రాదు, నేత వల్ల వస్తుంది. దట్టంగా నేసిన కాటన్ గాలిని ఆపేస్తుంది. గట్టిగా పురిపెట్టిన దారంతో కాస్త వదులుగా, సాదా నేతలో నేసిన పల్చటి ఉన్ని గాలిని పోనిస్తుంది. దీన్నే మా వాళ్లు ట్రాపికల్ అంటారు. 58 అంగుళాల వెడల్పు గుడ్డలో ఒక మీటరు పొడవు 240 – 270 గ్రాముల మధ్య తూగేది మనకి బాగుంటుంది. గుడ్డని వెలుతురుకి ఎత్తి పట్టుకోండి, సన్నటి రంధ్రాలు కనిపించాలి. పైగా ఉన్ని గాలిలోని తేమను తన బరువులో ఇంచుమించు 16 శాతం దాకా పట్టుకున్నా చేతికి తడిగా తగలదు. కాటన్ 8 శాతం దగ్గర, పాలిస్టర్ అర శాతం కూడా లేదు. మనకి ఎండతో పాటు సముద్రపు ఉక్క కూడా ఉంది. చెమట ఆరదు. అందుకే పాలిస్టర్ చొక్కా వీపుకి అంటుకుపోయి ప్రాణం తీస్తుంది.

చొక్కాల వరకు కాటన్, లినెన్‌లకు తిరుగులేదు. లినెన్ నలుగుతుందని కొందరు తిట్టుకుంటారు. అది అవిసె నారతో చేసింది, నలగడం దాని గుణం. నలగని లినెన్ అని అమ్ముతుంటే అందులో ఇంకేం కలిసిందో అడగండి.

కోటు దగ్గర అసలు దొంగ పై గుడ్డ కాదు, లోపలి లైనింగ్. మేలైన ట్రాపికల్ ఉన్ని తెచ్చి, లోపల నిండా పాలిస్టర్ లైనింగ్ వేయించుకుని, రిసెప్షన్‌లో చెమటలు కక్కుతూ ఉన్నిని తిడతారు. వీపు కింది భాగం వదిలేసి సగం లైనింగ్ వేయమని అడగండి. చేతులకు మాత్రం లైనింగ్ ఉండాలి, లేకపోతే చొక్కా పట్టేసి చెయ్యి దూరదు. సగమే కదా, కుట్టుకూలి తగ్గించమంటారు కొందరు. నిజానికి పని పెరుగుతుంది. లైనింగ్ లేని చోట లోపలి కుట్లన్నీ బయటికి కనిపిస్తాయి కాబట్టి ఒక్కొక్కదానికీ పట్టీ వేసి శుభ్రం చేయాలి.

అపోహ: ఒంటికి అతుక్కుంటేనే ఫిట్టింగ్

పెళ్లికొడుకులతో నాకు వచ్చే టెన్షన్ అంతా ఇదే. అద్దం ముందు ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాగి, "ఇంకో అంగుళం తగ్గించన్నా" అంటారు. నిలబడి ఫొటో దిగితే బాగానే ఉంటుంది. భోజనానికి కూర్చున్నాక గుండీ సంగతి దేవుడెరుగు.

చొక్కాకి ఛాతీ చుట్టుకొలత మీద నాలుగు అంగుళాల లూజు మామూలు. స్లిమ్ కావాలంటే మూడు. అంతకంటే తగ్గిస్తే చెయ్యెత్తినప్పుడు చొక్కా ప్యాంటులోంచి బయటికొస్తుంది. ఫిట్టింగ్ సరిగ్గా ఉందో లేదో చూడాలంటే వదులూ బిగువూ కాదు, ముడతలు ఎటు లాగుతున్నాయో చూడాలి. కోటు గుండీ పెట్టగానే అక్కడి నుంచి నాలుగు వైపులకీ గీతలు లాగితే నడుము బిగువు. ప్యాంటు పక్క జేబులు చెవుల్లా తెరుచుకుంటే సీటు చాలలేదు. మెడ వెనక కోటు కాలరుకీ చొక్కా కాలరుకీ మధ్య సందు కనిపిస్తే వీపు కొలత తప్పింది. భుజం కుట్టు భుజం ఎముక చివర ఆగాలి, చేతి మీదికి జారకూడదు. కోటు చేతి కింద చొక్కా కఫ్ అర అంగుళం కనిపించాలి.

రెడీమేడ్ కోటు కొనేటప్పుడు ముందు భుజం చూడండి. నడుము పట్టించడం, చేతుల పొడవు తగ్గించడం, ప్యాంటు పొడవు సరిచేయడం ఏ టైలరైనా చేస్తాడు. భుజం మార్చాలంటే కోటుని ఇంచుమించు విప్పి మళ్లీ కుట్టాలి. కోటు పొడవు కూడా అంతే. కింద కత్తిరిస్తే జేబులు, గుండీలు ఉండాల్సిన చోట ఉండవు.

పొట్ట ఉన్నవాళ్లకి ఒక మాట. ప్యాంటుని పొట్ట కింద కట్టుకుంటే అది రోజంతా జారుతూనే ఉంటుంది, బెల్టు ఎంత బిగించినా అంతే. సీటు లోతు పెంచి, బొడ్డు దగ్గరికి వచ్చేలా కుట్టించుకోండి. మన తాతలు పంచె అక్కడే కట్టారు. ముందు నుంచి చూస్తే పొట్ట కూడా తక్కువగా కనిపిస్తుంది.

అపోహ: ఆది చొక్కా ఇస్తే చాలు, కొలతలు అక్కర్లేదు

ఆది తీసుకురండి, వద్దనను. మీకు ఎంత పొడవు ఇష్టమో, కాలరు ఎత్తు ఎంత కావాలో దాన్ని చూస్తే తెలుస్తుంది. కానీ ఆది చొక్కా బల్ల మీద పరిస్తే పొడవు వెడల్పులు చెబుతుంది, మీరు నిలబడే తీరు చెప్పదు. చాలామందికి ఒక భుజం రెండోదానికంటే కొంచెం దిగి ఉంటుంది. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకి వీపు గుండ్రమవుతుంది, అప్పుడు వెనక పొడవు పెంచి ముందు తగ్గించాలి. లేకపోతే చొక్కా ముందు భాగం కిందికి వేలాడుతుంది. అవన్నీ మనిషి ఎదురుగా నిలబడితేనే కనిపిస్తాయి. పైగా ఆదిగా తెచ్చే చొక్కా ఏళ్ల తరబడి ఉతికి కుంచించుకుపోయినదే అయి ఉంటుంది.

కుంచించుకుపోవడం అంటే గుర్తొచ్చింది. మిల్లులోనే ముందుగా కుదించిన (సాన్ఫరైజ్ చేసిన) కాటన్ ఇక ముందు ఒక శాతం లోపే తగ్గుతుంది. చేనేత, ఖద్దరు అలా కాదు. పొందూరు ఖద్దరు గానీ మంగళగిరి గుడ్డ గానీ తెస్తే కోయకముందు నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరబెట్టాలి. మీ టైలర్ ఆ పని చేస్తాడో లేదో కనుక్కోండి. చేయకపోతే మీరే ఇంట్లో నానబెట్టి తీసుకెళ్లండి.

అపోహ: టైలర్ గుడ్డ మిగుల్చుకుంటాడు

"ఏందన్నా, రెండున్నర మీటర్లిచ్చినా, ముక్క కూడా మిగల్లేదా?"

ఈ ప్రశ్న మా నాన్న విన్నారు, నేనూ వింటున్నాను. లెక్క చెబుతా, మీరే చూసుకోండి. 36 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డలో నిండు చేతుల చొక్కాకి రెండుంబావు నుంచి రెండున్నర మీటర్లు పడుతుంది. 58 అంగుళాల పన్నా అయితే 1.6 మీటర్లు చాలు. ప్యాంటుకి 58 పన్నాలో 1.2 నుంచి 1.3. సూటు మొత్తానికి మూడు, మూడుంబావు. గళ్ల గుడ్డ అయితే జేబు దగ్గర, గుండీ పట్టీ దగ్గర, పక్క కుట్ల దగ్గర గళ్లు కలవాలి కాబట్టి పావు మీటరు అదనంగా తీసుకోండి. గళ్లు కలవని చొక్కా ఎంత ఖరీదైన గుడ్డదైనా చవకగానే కనిపిస్తుంది.

మంచి టైలర్ గుడ్డ మిగిల్చేది మీ ప్యాంటు లోపలే. వెనక నడుము కుట్టులో అంగుళంన్నర, కింద మడతలో రెండు అంగుళాలు వదలాలి. నాలుగేళ్ల తరవాత మీరు లావైతే ఆ మార్జిన్ విప్పి వదులు చేస్తాం. ప్యాంటు తీసుకునేటప్పుడు తిరగేసి చూడండి. లోపల అర అంగుళమే ఉంటే అప్పుడు అడగండి, ముక్క ఎక్కడికి పోయిందని.

అపోహ: బ్రాండెడ్ రెడీమేడ్ కంటే కుట్టించిందే ఎప్పుడూ మేలు

నేను టైలర్ని కాబట్టి అవునని చెప్పాలి. కానీ కాలరు విషయంలో ఫ్యాక్టరీదే పైచేయి చాలాసార్లు. కాలరు నిలబడడానికి లోపల వేసే గట్టి గుడ్డ, అంటే బక్రం, అతకడానికి వాళ్లకి ప్రత్యేకమైన ప్రెస్ ఉంటుంది. వేడి, ఒత్తిడి, సమయం మూడూ ఒకే తీరుగా పడతాయి. మామూలు ఇస్త్రీ పెట్టెతో అతికిస్తే కొన్ని ఉతుకుల తరవాత కాలరు మీద బుడగలు లేస్తాయి. టైలర్ని ఎంచుకునే ముందు ఆయన కుట్టిన, బాగా ఉతికిన పాత చొక్కా ఒకటి చూపించమని అడగండి. కొత్తది చూస్తే ఏమీ తెలియదు.

అపోహ: తెల్ల చొక్కా తెల్లగా ఉండాలంటే బ్లీచింగ్, నిలబడాలంటే గంజి

నెల్లూరులో తెల్ల చొక్కాకి ఉన్న విలువ నేను చెప్పక్కర్లేదు. లీడరైనా, కాంట్రాక్టరైనా, రొయ్యల గుంటలవాళ్లైనా అదే. చంకల దగ్గర పసుపు మరక మాత్రం మురికి కాదు. చెమట వాసన రాకుండా వాడే డియోడరెంట్లు కొన్నిటిలో ఉండే అల్యూమినియం లవణాలు చెమటతో కలిసి అది వస్తుంది. దాని మీద క్లోరిన్ బ్లీచింగ్ పోస్తే ఒక్కోసారి ఇంకా ముదురుతుంది. గోరువెచ్చని నీళ్లలో ఆక్సిజన్ రకం స్టెయిన్ రిమూవర్ వేసి నానబెట్టండి. పట్టు పంచె, ఉన్ని కోటు దగ్గరికి మాత్రం క్లోరిన్ బ్లీచింగ్ రానీయకండి. అది పట్టునీ ఉన్నినీ కరిగించేస్తుంది, మాట వరసకి కాదు.

గంజి పలచగా పెడితే తప్పు లేదు. దట్టంగా పెట్టి, కత్తిలా ఇస్త్రీ చేసి, అదే మడత మీద మళ్లీ మళ్లీ నొక్కితే ఆ మడత దగ్గరే పోగులు విరుగుతాయి. పంచెలు చిరిగేది అక్కడే, చూసుకోండి. బీరువాలో ఎక్కువ కాలం దాచే బట్టలకి గంజి తీసేసి పెట్టండి, పురుగులకి అది భోజనం.

అపోహ: కోటు వేసుకున్న ప్రతిసారీ డ్రైక్లీనింగ్‌కి ఇవ్వాలి

అక్కర్లేదు. రసాయనంలో తిప్పి, పైన గట్టిగా ప్రెస్ చేసిన ప్రతిసారీ ఉన్ని జీవం కొంత పోతుంది. లోపల జిగురుతో అతికించిన కోటు అయితే బుడగలు కూడా లేవొచ్చు. వేసుకున్నాక ఒక రాత్రి ఫ్యాను కింద, వెడల్పు భుజాల హ్యాంగర్‌కి తగిలించి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. మరక పడితేనో, వాసన వస్తేనో ఇవ్వండి.

డ్రైక్లీనింగ్ వాళ్లిచ్చే ప్లాస్టిక్ కవర్ ఇంటికి రాగానే తీసేయండి. మనకి వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలు బీరువాలో తేమ నిలుస్తుంది, కవర్లో కోటుకి బూజు పడుతుంది. సంక్రాంతికి తీసి చూసి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. పాత పంచె గుడ్డతో కవర్ కుట్టించుకుంటే దానికంటే మంచిది లేదు.

అపోహ: మొదటి సూటు నల్లదే ఉండాలి

నేవీ బ్లూ గానీ ముదురు బూడిద రంగు గానీ తీసుకోండి. నలుపు ఫొటోల్లో ముద్దగా పడుతుంది, పగలు మరీ బరువుగా కనిపిస్తుంది, ఆ ప్యాంటు విడిగా వేసుకోవడానికీ ఆ కోటు విడిగా వేసుకోవడానికీ అంత కుదరదు. నేవీ కోటు అయితే బూడిద రంగు ప్యాంటు మీద కూడా నడుస్తుంది. ఇప్పుడిప్పుడే ఉద్యోగంలో చేరిన అబ్బాయి అడిగితే నేను చెప్పేది ఇది: బూడిద రంగు ప్యాంట్లు రెండు, నేవీ ఒకటి, తెలుపు, లేత నీలం చొక్కాలు నాలుగైదు, సగం లైనింగ్ నేవీ కోటు ఒకటి, ఒక మంచి పంచె. మిగతాది జీతం పెరిగాక.

అపోహ: కొలతలిచ్చాం కదా, ట్రయల్ ఎందుకు

చొక్కాకి అక్కర్లేదు, కోటుకి తప్పదు. ట్రయల్‌లో కచ్చా కుట్లు ఉన్నప్పుడే ఏ మార్పైనా తేలిక. అందుకే శ్రావణ మాసం పెళ్లికి ఆషాఢంలోనే గుడ్డ ఇచ్చేయండి, ముహూర్తానికి వారం ముందు వస్తే ఏ మాస్టరూ రెండు ట్రయల్స్ ఇవ్వలేడు. వచ్చేటప్పుడు ఆ రోజు వేసుకునే చొక్కా, ఆ రోజు వేసుకునే బూట్లతోనే రండి. చెప్పులతో ప్యాంటు పొడవు చూస్తే బూట్లు వేశాక అర అంగుళం పైకి లేస్తుంది. ఫోను, పర్సు జేబులో పెట్టుకునే అలవాటుంటే వాటినీ తెచ్చుకోండి.