క్రియేటివ్ ఫ్రీడమ్: ఎడిటింగ్ రూమ్‌లో నేను చూసిన అపోహలు, వాస్తవాలు

పదేళ్లకు పైగా హైదరాబాద్‌లో ఎడిటర్‌గా పనిచేస్తున్నాను. కొత్త దర్శకులు చాలామంది మొదటి రోజే అడుగుతారు: "అన్నా, ఈసారైనా మనం అనుకున్నట్టు తీయనిస్తారా?"

అపోహ: దర్శకుడికి పేరుంటే చాలు, ఎవరూ అడ్డు చెప్పరు.

వాస్తవం: పేరుకన్నా కాగితం ముఖ్యం. ఫైనల్ కట్, అంటే సినిమా చివరి రూపం ఖరారు చేసే హక్కు, ఎవరిదో అగ్రిమెంట్‌లో రాసి ఉండాలి. 1939లో హాలీవుడ్‌లోని ఆర్‌కేఓ స్టూడియో, అమెరికన్ దర్శకుడు ఆర్సన్ వెల్స్‌కు ఆ హక్కు ఇచ్చింది. అప్పటికి ఆయనకు 24 ఏళ్లు, ఒక్క ఫీచర్ సినిమా కూడా తీయలేదు. అలా వచ్చిందే 1941 నాటి 'సిటిజన్ కేన్'. తర్వాతి సినిమా 'ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్'కి ఆ హక్కు ఆయన చేతిలో లేదు. ఆయన బ్రెజిల్‌లో ఉండగా స్టూడియో 40 నిమిషాలకు పైగా కోసేసి, ముగింపు మళ్లీ తీయించింది. కోసిన ఫిల్మ్ కూడా మిగల్చలేదు. రెండింటికీ ఎడిటర్ ఒక్కరే, రాబర్ట్ వైజ్. ఆ సినిమా చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: బడ్జెట్ తక్కువైతే స్వేచ్ఛ ఎక్కువ.

వాస్తవం: సగమే నిజం. 'కేరాఫ్ కంచరపాలెం' (2018)లో ఆ ఊరి మనుషులే నటించారు. పెద్ద హీరో డేట్ల మీద నడిచే సినిమాలో అది కుదిరే పని కాదు. కానీ డబ్బు తగ్గితే షూటింగ్ రోజులు తగ్గుతాయి, టేకులూ తగ్గుతాయి. నేను చేసిన ఒక చిన్న సినిమాలో తల్లి ఫోన్ పెట్టేసి అలాగే నిలబడిపోయే సీన్ ఉంది. వెలుతురు పోతోందని క్లోజప్ తీయలేదు, వైడ్ షాటే దిక్కు. అందులో ఆమె కొంగుతో ఫోన్ తుడుస్తుంది. అక్కడ మూడు సెకన్లు ఎక్కువ ఉంచి సీన్ నిలబెట్టాం. బాగానే వచ్చింది. అయినా ఆ దర్శకుడు కోరుకున్న షాట్ అది కాదు.

అపోహ: ఓటీటీలో ఏదైనా చూపించొచ్చు.

వాస్తవం: సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు, నిజమే. 2021 ఐటీ (సమాచార సాంకేతిక) నిబంధనల ప్రకారం వయసు రేటింగ్ మాత్రం ఇవ్వాలి, ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి. ఇక ప్లాట్‌ఫాం వాళ్ల నోట్స్, అంటే ఇది మార్చండి, అది తీసేయండి అనే సూచనలు, స్క్రిప్ట్ దశ నుంచే మొదలవుతాయి.

అపోహ: నోట్స్ ఇచ్చేవాళ్లంతా సినిమాకు శత్రువులే.

వాస్తవం: ఒక నిర్మాత ఓ సీన్ బోర్ కొడుతోంది, తీసేయమన్నారు. దర్శకుడు ససేమిరా అన్నాడు. ఎందుకు బోర్ కొట్టిందని నేను అడిగితే, "ముందు సీన్‌లోనే విషయం తెలిసిపోయిందిగా" అన్నారు. ముందు సీన్ కోశాం. ఇది ఉంచాం.