విదేశీ ప్రయాణం పిల్లలకు ఏమి నేర్పుతుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇంటర్, డిగ్రీ చదువుతున్న పిల్లలను విద్యార్థి మార్పిడి కార్యక్రమాలకు సిద్ధం చేయడం, వెళ్లి వచ్చాక వాళ్లతో తీరిగ్గా కూర్చుని మాట్లాడడం నా వృత్తి. విదేశం అనగానే మన ఇళ్లలో మాట ఎమ్మెస్ మీదికో, ఉద్యోగం మీదికో వెళ్లిపోతుంది. నేను చెప్పేది ఆ ప్రయాణాల సంగతి కాదు. పదహారు నుంచి ఇరవై రెండేళ్ల లోపు వాళ్లు కొన్ని వారాలో, ఒక విద్యా సంవత్సరమో వేరే దేశంలో గడిపి తిరిగొచ్చే ప్రయాణాల గురించి. వీటి మీద తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు పదే పదే వినిపిస్తాయి.

అపోహ: విమానం ఎక్కితే చాలు, మనసు దానంతట అదే విశాలమవుతుంది

వారం రోజులు హోటల్లో దిగి, మనవాళ్లతోనే తిరిగి, మన భోజనమే తిని వచ్చిన పిల్లల్లో ఫోటోలు తప్ప పెద్దగా మార్పు కనిపించదు. మనిషిని మార్చేది అక్కడి మనుషులతో ఏర్పడే సంబంధం. జర్మనీకి చెందిన యూలియా సిమర్‌మన్, ఫ్రాంజ్ నేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వెయ్యి మందికి పైగా విశ్వవిద్యాలయ విద్యార్థులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. విదేశాల్లో చదివి వచ్చినవాళ్లను, వెళ్లనివాళ్లను పోల్చి చూశారు. వెళ్లినవాళ్లలో కొత్తదనాన్ని స్వాగతించే గుణం పెరిగింది, ఊరికే కలత పడే స్వభావం తగ్గింది. ఆ మార్పులో చాలా భాగానికి కారణం అక్కడ సంపాదించుకున్న కొత్త స్నేహాలేనని తేలింది. వెళ్లడానికి ముందుకొచ్చేవాళ్లు మొదటినుంచీ కొంత చొరవ ఉన్నవాళ్లేనని కూడా అదే పరిశోధన చెప్పింది. అందుకే ఎవరైనా తమ కార్యక్రమం గురించి గొప్పలు చెబితే నేను ముందుగా అడిగేది ఒకటే: పిల్లలు ఎవరి ఇంట్లో ఉంటారు, ఎవరితో కలిసి పని చేస్తారు?

ఒక ఇంట్లో ఉండడం ఏమి నేర్పుతుందో జపాన్ ఉదాహరణతో చెబుతాను. అక్కడ మొదటి పాఠం స్నానాల గదిలోనే మొదలవుతుంది. తొట్టి బయట చిన్న పీట మీద కూర్చుని, సబ్బుతో ఒళ్లు రుద్దుకుని, నురుగంతా పోయేలా కడుక్కున్నాకే వేడినీళ్ల తొట్టిలోకి దిగాలి. లేచి వచ్చేటప్పుడు నీళ్లు వదిలేయకూడదు. ఇంట్లో మిగతావాళ్లు వరుసగా అదే నీళ్లలో కూర్చుంటారు. ఈ మాట వినగానే మన పిల్లల మొహాలు మారిపోతాయి. ‘ఒకరు దిగిన నీళ్లలో మరొకరా!’ అని అదిరిపడతారు. సరిగ్గా అదే సమయంలో ఆ ఇంటి పిల్లలు వీళ్లు సీసాను పెదవులకు తగలకుండా పైకెత్తి నీళ్లు తాగడం చూసి ఎందుకలా అని అడుగుతారు. అప్పుడు ఎంగిలి అంటే ఏమిటో వివరించాల్సి వస్తుంది. ఆ వివరణ ఇవ్వడానికి తంటాలు పడే ఆ పది నిమిషాల్లో పిల్లవాడు నేర్చుకునేది మూడు రోజుల నగర దర్శనంలో దొరకదు. శుభ్రత పట్టింపు రెండు ఇళ్లలోనూ ఉందని, దాని నియమాలు వేరని తనంతట తానే గ్రహిస్తాడు.

అపోహ: ఎన్ని దేశాలు చూస్తే అంత లాభం

పది రోజుల్లో ఏడు దేశాలు చుట్టే పర్యటనలో పిల్లలకు బాగా గుర్తుండేది బస్సు సీటే. అదే సొమ్ముతో ఒక్క ఊళ్లో మూడు వారాలు ఉండనివ్వండి.

అపోహ: ఇంగ్లిష్ గలగలా మాట్లాడేవాళ్లే వెళ్లాలి

జపాన్‌లోనో ఫ్రాన్స్‌లోనో పిల్లలకు ఆతిథ్యమిచ్చే కుటుంబాల్లో చాలామందికి ఇంగ్లిష్ అంతంత మాత్రమే. ఇద్దరికీ అరకొరగా వచ్చిన భాషలో మాట్లాడుకునేటప్పుడు ఇద్దరూ ఓపిక పడతారు, బొమ్మ గీసి చూపిస్తారు, మళ్లీ అడుగుతారు. తెలుగు మాధ్యమంలో చదివి కష్టపడి ఇంగ్లిష్ నేర్చుకున్న పిల్లలు ఈ పనిలో ముందుంటారని నా అనుభవం. తెలియని మాట దగ్గర ఆగిపోకుండా దారి వెతుక్కోవడం వాళ్లకు అలవాటే. 2023 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు పదిమంది న్యూయార్క్‌లోని ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యాలయానికి వెళ్లి వచ్చారు. సర్కారు బడి పిల్లలు అంత దూరం వెళ్లి ఏమి మాట్లాడగలరని సందేహించేవాళ్లకు ఆ ప్రయాణమే జవాబు.

అపోహ: ఇది డబ్బున్నవాళ్ల ముచ్చట

చాలా కార్యక్రమాలకు డబ్బు కావాలి, నిజమే. కానీ ఖర్చు నిర్వాహకులే భరించేవి కూడా ఉన్నాయి. వాటి గురించి మన కాలేజీల నోటీసు బోర్డుల మీద కనిపించకపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. జపాన్ 2014లో మొదలుపెట్టిన సకురా సైన్స్ కార్యక్రమం పిల్లలను ఎంపిక చేసి, తన ఖర్చుతోనే పిలిపించి ప్రయోగశాలలు చూపిస్తుంది. కేంద్ర ప్రభుత్వం బడి పిల్లలకు నిర్వహించే ఇన్‌స్పైర్ మనక్ సైన్స్ పోటీల్లో నెగ్గిన మన ప్రభుత్వ బడుల పిల్లలు కూడా అలా వెళ్లారు. ఐరోపాలో ఎరాస్మస్ అనే విద్యార్థి మార్పిడి కార్యక్రమం 1987లో 11 దేశాలు, 3,244 మంది విద్యార్థులతో మొదలైంది. డిగ్రీ అయ్యాక చదివే ఎరాస్మస్ ముండస్ పీజీ కోర్సుల ఉపకార వేతనాలకు మనవాళ్లూ దరఖాస్తు చేసుకోవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో అంబులెన్సులు నడిపిన అమెరికన్ వాలంటీర్ల సంస్థ ఏఎఫ్ఎస్ 1947 నుంచి హైస్కూలు పిల్లల మార్పిడి నడుపుతోంది. మన దేశంలోనూ పనిచేస్తోంది.

ఇవేవీ అందకపోతే నేపాల్ ఉంది. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు ఓటరు గుర్తింపు కార్డుతోనే వెళ్లవచ్చు, వీసా అవసరం లేదు. సరిహద్దు దాటగానే గడియారం పావుగంట ముందుకు తిప్పుకోవాలి. విక్రమ సంవత్సరం లెక్కలో అక్కడి కేలండరు మనకన్నా యాభై ఏళ్లకు పైగా ముందుంటుంది. విదేశం అంటే అమెరికాయే కానక్కర్లేదు.

డబ్బు కన్నా మన పిల్లలను ఎక్కువగా ఆపేది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, ఇంకో కాగితంలో అసలే ఉండదు. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు పనికిరావు, పేరు విప్పి రాయాలి. అన్ని పత్రాల్లోనూ ఒకే రూపం ఉండేలా ఇంటర్ మొదటి ఏడాదిలోనే సరిచేయించండి. ఎంపికయ్యాక ఈ పని పెట్టుకుని అవకాశం పోగొట్టుకున్న పిల్లలను చూశాను.

అపోహ: బెంగ పెట్టుకుంటే వెనక్కి పిలిపించాలి

బెంగ రావడం మామూలే. అమెరికా వెళ్లివచ్చిన నార్వే స్కాలర్ల మీద లిస్‌గోర్ అనే పరిశోధకుడు 1955లో ప్రచురించిన అధ్యయనం మొదట ఉత్సాహం, తర్వాత కుంగుబాటు, ఆపైన సర్దుబాటు అనే వరుస చెప్పింది. అందరికీ అదే క్రమంలో జరగదని తర్వాతి పరిశోధనలు చూపాయి. నిద్ర, తిండి పూర్తిగా మానేసినా, ఇంట్లో ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారని చెప్పినా వెంటనే కదలాలి. అది కాకపోతే ఆగండి. రోజూ రాత్రి గంటసేపు వీడియో కాల్ చేసే తల్లిదండ్రులకు నా మనవి: వారానికి రెండుసార్లు చాలు. మీరు ఫోన్‌లో ఉన్నంతసేపూ ఆ ఇంట్లో వాళ్లు మీ బిడ్డ కోసం భోజనాల బల్ల దగ్గర ఎదురుచూస్తుంటారు.

అపోహ: ఆడపిల్లలను పంపడం ప్రమాదం

ప్రమాదం సన్నద్ధత లేకపోవడంలో ఉంది. తెలంగాణ గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్ల వయసులో టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. దాని వెనుక డార్జిలింగ్, లద్దాఖ్‌లలో కఠినమైన శిక్షణ ఉంది. మన పిల్లలకు కొండ ఎక్కే శిక్షణ అక్కర్లేదు. స్థానిక అత్యవసర నంబరు, భారత రాయబార కార్యాలయం చిరునామా, పాస్‌పోర్టు నకలు, మారుమాట లేకుండా ‘వద్దు’ అనే ధైర్యం ఉండాలి. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారన్న సంగతి కూడా ముందే తెలియాలి. శనివారం రాత్రి దిగినవాళ్లకు అది చాలా అవసరం.

అసలు భయపడాల్సింది మరొకరికి. పర్యాటక వీసా మీద పంపి అక్కడ ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంటుకు. ఉద్యోగాల ఆశతో కంబోడియా వెళ్లిన మన కుర్రాళ్లు సైబర్ మోసాల ముఠాల చేతిలో బందీలైన సంగతి 2024లో విశాఖ పోలీసుల దర్యాప్తులో బయటపడింది. అలా మోసపోయినవాళ్లలో మగపిల్లలే ఎక్కువ.

అపోహ: మన పద్ధతులు మరచిపోతారు

నేను చూసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. బొట్టు ఎందుకు పెట్టుకుంటారు, ఉగాది పచ్చడిలో చేదు ఎందుకు వేస్తారు అని అక్కడివాళ్లు అడుగుతుంటే పిల్లలు మొదటిసారి ఆలోచనలో పడతారు. అమ్మమ్మకు ఫోన్ చేసి కనుక్కుంటారు. అక్కడి ఇంట్లో పులిహోర కలపబోతే జపాన్ బియ్యం ముద్దయి కూర్చుంటుంది. అప్పుడు మన అన్నం పొడిపొడిగా ఎలా వస్తుందో తెలుసుకుంటారు. ఇంట్లో ఎన్నడూ వంటగది గడప తొక్కని మగపిల్లలు ఇలా వంట నేర్చుకుని రావడం నాకు ఎంతో ఇష్టమైన ఫలితం.

అపోహ: తిరిగి రాగానే పని అయిపోయింది

వచ్చిన మొదటి నెల కష్టమైనది. పిల్లలు అన్నిటికీ పోలిక తెస్తారు, ఇంట్లో విసుక్కుంటారు. ‘నాలుగు వారాలకే దొరవైపోయావా’ అని మీరు ఎద్దేవా చేస్తే ఇక మాట్లాడడం మానేస్తారు. చెప్పనివ్వండి. రెండు వారాల్లోగా వాళ్ల కాలేజీలో జూనియర్ల ముందు తెలుగులో ఒక గంట మాట్లాడించమని నేను ప్రిన్సిపాళ్లను అడుగుతాను. అక్కడి రైలు గొప్పదా మన రైలు గొప్పదా అనే ప్రశ్నలు తొందరగానే అయిపోతాయి. ఆపైన వెనక బెంచీ నుంచి దరఖాస్తు ఎక్కడ దొరుకుతుంది, ఇంట్లో ఎలా ఒప్పించావు, భయం వేయలేదా అని అడుగుతారు. ఆ ప్రశ్నలకు నాకన్నా వెళ్లివచ్చిన పిల్లలే బాగా జవాబు చెబుతారు.