ఓ గ్రూప్ అయితే పక్షవాతం రాదా? బ్లడ్ గ్రూప్ మీద అపోహలు - వాస్తవాలు

"డాక్టర్ గారూ, నాది ఎ పాజిటివ్. మా గ్రూప్ వాళ్లకి స్ట్రోక్ ఎక్కువటగా?" ఓపీలో కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే ఈ ప్రశ్న వేసేవాళ్లు ఎక్కువయ్యారు. చేతిలో ఫోన్, ఫోన్‌లో ఎవరో పంపిన ఫార్వర్డ్. వీళ్లతో నాకు పేచీ లేదు. టెన్షన్ పడి వచ్చినా బీపీ అయితే చూపించుకుని వెళ్తారు. నా బాధంతా "మాది ఓ గ్రూప్, మాకేం కాదు" అని ఇంట్లోనే ఉండిపోయేవాళ్ల గురించే.

అపోహ: ఓ గ్రూప్ వాళ్లకు రక్తం గడ్డకట్టదు, పక్షవాతం రాదు.

వాస్తవం: వస్తుంది. ఈ మాట పుట్టడానికి కారణం సగం నిజమే. 9వ క్రోమోజోమ్ మీద ఉండే ఎబిఓ జన్యువు తయారుచేసే ఎంజైమ్ ఎర్రకణాల మీద ఒక చక్కెర అణువును అతికిస్తుంది. ఓ గ్రూప్‌లో సాధారణంగా ఆ జన్యువు రాతలో ఒకే ఒక్క అక్షరం లోపించి ఆ ఎంజైమ్ పనిచేయదు. ఇదే చక్కెర, రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లకు జిగురులా పనికొచ్చే వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ మీద కూడా ఉంటుంది. ఆ చక్కెర లేకపోతే ఆ ఫ్యాక్టర్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు. అందుకే ఓ వాళ్లలో అది దాదాపు పాతిక శాతం తక్కువ. దాన్ని అంటిపెట్టుకుని తిరిగే, గడ్డకట్టడానికి తోడ్పడే మరో ప్రోటీన్ ఫ్యాక్టర్ 8 కూడా తక్కువే. ఫలితంగా కాలి సిరల్లో గడ్డలు ఎ, బి, ఎబి వాళ్లలో ఓ కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఎక్కువ. ఇంతవరకూ నిజం. అయితే తక్కువ అంటే లేదని కాదు కదా!

ఒకాయన గుర్తున్నాడు. ఓ పాజిటివ్, చాలాసార్లు రక్తదానం చేసిన మనిషి. పొద్దున చొక్కా బొత్తాలు పెట్టుకోబోతే కుడిచేతి వేళ్లు జారిపోయాయట. భార్య బొత్తాలు పెట్టింది. మూతి కాస్త వంకర పోయిందని ఆవిడే గమనించి ఆసుపత్రికి వెళ్దామంటే, "మా గ్రూప్‌కి అవి రావే, నరం పట్టేసింది" అన్నాడు. సాయంత్రం తీసుకొచ్చేసరికి మాట పూర్తిగా పడిపోయింది. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా ఉండే గడువు నాలుగున్నర గంటలు. అది మధ్యాహ్నానికే దాటిపోయింది. బీపీ బిళ్లలు మానేసి కొన్ని నెలలైందట. ఎందుకు మానేశారంటే మళ్లీ అదే జవాబు. ఆ ఫార్వర్డ్ రాసినవాడు దొరికితే ఒక రాత్రి మా వార్డులో కూర్చోబెట్టాలనిపించింది.

అపోహ: ఎ గ్రూప్ అయితే స్ట్రోక్ ఖాయం.

వాస్తవం: 2022లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ఈ గోలకు మూలం. 60 ఏళ్లలోపు వచ్చే స్ట్రోక్ ముప్పు ఎ గ్రూప్‌లో ఒక ఉపరకమైన ఎ1 జన్యువు ఉన్నవాళ్లలో 16 శాతం ఎక్కువని, ఓ గ్రూప్‌లో ఉపరకమైన ఓ1 ఉన్నవాళ్లలో 12 శాతం తక్కువని అందులో తేలింది. ఈ 16 శాతం అనేది నూటికి పదహారు మందికి వస్తుందని కాదు. లెక్క కోసం, వెయ్యి మందిలో పది మందికి వచ్చే జబ్బు అనుకుంటే అది పదకొండు, పన్నెండు అవుతుంది, అంతే. 60 దాటాక వచ్చే స్ట్రోక్‌తో ఈ సంబంధం బాగా పల్చబడింది. పైగా మీ రిపోర్టులో ఉండేది ఎ అన్న అక్షరమే. ఎ1, ఎ2 తేడా అందులో సాధారణంగా రాయరు. ఎ2 వాళ్లకు సిరల్లో గడ్డల ముప్పు దాదాపు ఓ వాళ్లంతే. స్ట్రోక్‌కు అన్నిటికంటే పెద్ద కారణం బీపీ. దాని తర్వాత పొగ, షుగర్, గుండె లయ తప్పడం లాంటివి ఉన్నాయి. వీటి ముందు బ్లడ్ గ్రూప్ చాలా చిన్న విషయం.

అపోహ: ఎ గ్రూప్ వాళ్లు ముందుజాగ్రత్తగా రోజూ ఆస్పిరిన్ వేసుకోవాలి.

వాస్తవం: వద్దు. కడుపులో, మెదడులో రక్తస్రావం కావచ్చు. మూతి వంకర పోయినప్పుడు కూడా ఇంట్లో ఆస్పిరిన్ మింగించకండి. అది గడ్డో, రక్తనాళం చిట్లిందో స్కాన్ తీస్తే గానీ మాకే తెలియదు.

అపోహ: కాలి గడ్డ మెదడుకు ఎక్కుతుంది.

వాస్తవం: సాధారణంగా ఊపిరితిత్తులకు పోతుంది, అదీ ప్రాణాంతకమే. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే మీది ఏ గ్రూప్ అయినా ఆ రోజే చూపించుకోండి.

అపోహ: అందరూ జన్యుపరీక్ష చేయించుకోవాలి.

వాస్తవం: అక్కర్లేదు. చిన్న వయసులో కారణం లేకుండా గడ్డ వచ్చినా, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వచ్చినా గడ్డలు కట్టే స్వభావాన్ని పెంచే వారసత్వ లోపాల (ఫ్యాక్టర్ 5 లైడెన్ అనే జన్యుమార్పు; గడ్డకట్టడాన్ని అదుపులో ఉంచే ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్, యాంటీథ్రాంబిన్ తగ్గడం) గురించి డాక్టర్‌ని అడగండి. గడ్డలు కట్టకుండా వాడే వార్ఫరిన్ మందు వేసుకుంటూ ప్రోటీన్ సి, ఎస్ పరీక్షలు చేయిస్తే లేని లోపం ఉన్నట్టు చూపిస్తాయి, కాబట్టి ల్యాబ్‌కు వెళ్లేముందు ఏ మందులు వాడుతున్నారో చెప్పండి.