ఇచ్చిన మాట, విన్న మాట: బైబిల్ ‘నిబంధన’ వెనక ఉన్న చరిత్ర

తెలుగు బైబిల్ విప్పగానే కనిపించే రెండు పేర్లు పాత నిబంధన, కొత్త నిబంధన. చిన్నప్పటి నుంచీ వింటున్నవే కాబట్టి వాటి దగ్గర ఎవరూ ఆగరు. అయితే మన రోజువారీ తెలుగులో నిబంధన అంటే రూలు, షరతు. లోన్ కాగితాల మీద చిన్న అక్షరాల్లో ఉండేవి నిబంధనలు. దాంతో దేవుడు మనిషితో చేసుకున్నది కూడా ఒక షరతుల జాబితాయే అన్న భావం మనకు తెలియకుండానే మనసులో పడిపోతుంది. విశ్వాసం ముఖ్యమా, విధేయత ముఖ్యమా అని రెండు వేల ఏళ్లుగా సాగుతున్న వాదనలో కూడా ఇలాంటి పదాల పాత్ర చాలా ఉంది.

హీబ్రూలో ఆ మాట ‘బెరీత్’. ప్రమాణంతో కుదిరిన బంధం అని అర్థం. బెరీత్‌ను ‘చేశారు’ అనరు, ‘కోశారు’ అంటారు. ఎందుకో ఆదికాండం 15వ అధ్యాయం చెబుతుంది. అబ్రాము (తర్వాత అబ్రాహాము అయింది ఇతనే) మూడేళ్ల పెయ్యను, మేకను, పొట్టేలును నడిమికి కోసి, ముక్కలను ఎదురెదురుగా పేర్చాడు. మాట ఇచ్చేవాడు ఆ ముక్కల మధ్యలోంచి నడవాలి. మాట తప్పితే నాకూ ఇదే గతి పట్టుగాక అని దాని అర్థం. దాసులను విడిచిపెడతామని దూడ ముక్కల మధ్య నడిచి, తర్వాత వాళ్లను మళ్లీ పట్టి తెచ్చుకున్న యెరూషలేము పెద్దలను యిర్మీయా ప్రవక్త ఈ ఆచారం పేరుతోనే హెచ్చరించాడు. కానీ అబ్రాము విషయంలో జరిగింది వేరు. అతను గాఢనిద్రలో ఉన్నాడు. పొగ లేస్తున్న పొయ్యి, మండుతున్న దివిటీ మాత్రమే ఆ ముక్కల మధ్య నడిచాయి. ప్రమాణం చేసింది దేవుడే. నన్ను అడిగితే మొత్తం బైబిల్లో ఇంత ఆశ్చర్యపరిచే దృశ్యం మరొకటి లేదు.

ఆ అధ్యాయంలోనే, ఇంకాస్త ముందు, అబ్రాము దేవుణ్ణి నమ్మాడని, అది అతనికి నీతిగా ఎంచబడిందని ఉంది. 17వ అధ్యాయంలో తన 99వ ఏట సున్నతి పొందుతాడు. 22వ అధ్యాయంలో కొడుకును బలి ఇవ్వడానికి మోరీయా దేశానికి బయల్దేరతాడు. ఒకే మనిషి జీవితంలోని మూడు సందర్భాలివి. తర్వాతి తరాల్లో ఎవరు ఏ అధ్యాయాన్ని గట్టిగా పట్టుకున్నారన్న దాని మీదే చరిత్ర నడిచింది.

మోషే కాలంలో సీనాయి కొండ దగ్గర కుదిరిన నిబంధన తీరు మరోలా ఉంటుంది. అందులో ఆజ్ఞలు, దీవెనలు, శాపాలు ఉన్నాయి. ఆనాటి రాజులు సామంతులతో రాయించుకున్న ఒప్పందాలు కూడా ఇలాగే ఉండేవి. క్రీ.పూ. 672లో అష్షూరు రాజు ఏసర్హద్దోను తన వారసుడి కోసం సామంతుల చేత చేయించిన ప్రమాణాల పలకలు 1955లో ఇరాక్‌లోని నిమ్రూద్‌లో దొరికాయి. మాట తప్పితే ఆకాశం ఇత్తడిలా, నేల ఇనుములా మారాలన్న శాపం వాటిలో ఉంది. ద్వితీయోపదేశకాండం 28లోనూ దాదాపు అదే శాపం కనిపిస్తుంది. వారసుణ్ణి ప్రాణంలా ప్రేమించాలన్న షరతు కూడా ఆ పలకల్లో ఉంది. అంటే ఆ కాలపు భాషలో ప్రేమ ఒక మనోభావం మాత్రమే కాదు, విడవకుండా అంటిపెట్టుకుని ఉండటం. ఇశ్రాయేలీయులు ఆ భాషనే తీసుకుని ఏ చక్రవర్తికీ ఇవ్వని విధేయతను దేవుడికి ఇచ్చారు.

ఇక్కడ మన తెలుగే మనకు సాయం చేస్తుంది. హీబ్రూలో ‘షమా’ అంటే వినడం, లోబడటం కూడా. మనం ‘పిల్లాడు మాట వింటాడు’ అన్నట్టే. విశ్వాసానికి హీబ్రూ పదం ‘ఎమునా’. ‘ఆమేన్’ కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. అమాలేకీయులతో యుద్ధంలో అలసిపోయిన మోషే చేతులను అహరోను, హూరు ఎత్తి పట్టుకుంటే, పొద్దుగూకే దాకా అవి నిలకడగా ఉన్నాయని చెప్పే చోట కూడా వాడింది ఎమునా అనే పదమే. తెలుగులో చెప్పాలంటే అది మాట మీద నిలబడటం. నిలబడటం, వినడం. ఈ రెంటి మధ్య గోడ ఆ భాషలో లేదు.

హీబ్రూ లేఖనాలను గ్రీకులోకి మార్చినప్పుడు అనువాదకులు బెరీత్‌కు ‘దియతేకే’ అనే పదం ఎంచుకున్నారు. గ్రీకులో దానికి వీలునామా అనే అర్థం కూడా ఉంది. అది లాటిన్‌లో ‘టెస్టమెంటుమ్’ అయింది. ఇంగ్లీషు టెస్టమెంట్ వచ్చింది అక్కడి నుంచే. హెబ్రీయులకు రాసిన పత్రిక 9వ అధ్యాయం ఈ రెండో అర్థం మీదే నడుస్తుంది. అందుకే మన తెలుగు బైబిల్లో అక్కడ ‘మరణశాసనము’ అన్న మాట కనిపిస్తుంది. ఒప్పందానికి రెండు పక్షాలు కావాలి. వీలునామాకైతే రాసేవాడొక్కడు చాలు, అవతలివాడు అందుకుంటాడు.

గోడ లేచింది మొదటి శతాబ్దంలో. యేసును నమ్మిన యూదులు కానివాళ్లు సున్నతి పొందాలా, వద్దా అన్నది అప్పటి సమస్య. పౌలు ఆదికాండం 15ను పట్టుకున్నాడు. అబ్రాహాము నీతిమంతుడిగా ఎంచబడింది సున్నతికి ముందే కదా, ధర్మశాస్త్రం వచ్చింది వాగ్దానానికి 430 ఏళ్ల తర్వాత కదా అని వాదించాడు. యాకోబు పత్రిక 22వ అధ్యాయాన్ని పట్టుకుంది. కొడుకును బలిపీఠం మీద పెట్టినప్పుడే ఆ నమ్మకం పరిపూర్ణమైందని అంది. పౌలు అడుగుతున్నది ‘లోపలికి ఎవరు రావచ్చు’ అని. యాకోబు అడుగుతున్నది ‘వచ్చినవాడు ఎలా బతకాలి’ అని. ఈ తేడాను మరిచిపోయినప్పుడల్లా గొడవ ముదిరింది.

క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చేశాక రబ్బీలు, అంటే యూదు మతగురువులు, నిబంధనను బలిపీఠం దగ్గర నుంచి ఇంటికి తెచ్చారు. వంటింటికి, శనివారపు విశ్రాంతికి, మగబిడ్డకు సున్నతి చేసే ఎనిమిదో రోజుకు. (గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో, ఒకప్పుడు క్రైస్తవులుగా ఉండి ఇప్పుడు యూదు మతాన్ని అనుసరిస్తున్న బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలు ఈ విశ్రాంతి దినాన్ని తెలుగు లోగిళ్లలో పాటిస్తున్నాయి.) రబ్బీలు లెక్కగట్టిన ఆజ్ఞలు 613. బయటివాళ్లు ఈ సంఖ్య చూసి దీన్ని భయంతో మోసే బరువు అనుకున్నారు. కానీ రబ్బీల చర్చల సంకలనమైన తల్ముదులో ఒక చర్చ ఉంది. దేవుడు సీనాయి కొండను గిన్నెలా బోర్లించి జనం తలల మీద పట్టుకున్నాడని, ఒప్పుకోకపోతే ఇక్కడే మీ సమాధి అన్నాడని ఒక రబ్బీ చెప్తాడు. అలాగైతే అది బలవంతపు ఒప్పందం కదా, చెల్లదు కదా అని మరో రబ్బీ అభ్యంతరం పెడతాడు. దానికి జవాబు: ఎస్తేరు కాలంలో ఆ జనం తమంతట తామే దాన్ని మళ్లీ ఒప్పుకున్నారు. బలవంతపు విధేయత విధేయతే కాదన్న ఎరుక ఇంత స్పష్టంగా ఉన్న సంప్రదాయాన్ని రూల్స్ మతం అనడం అన్యాయం.

ఆ అన్యాయం యూరప్‌లో శతాబ్దాల పాటు సాగింది. 1522లో మార్టిన్ లూథర్ తన జర్మన్ అనువాదంలో రోమా 3:28కి ‘మాత్రమే’ అన్న మాట చేర్చి, విశ్వాసం మాత్రమే చాలన్నాడు. కొత్త నిబంధనలో ‘విశ్వాసం మాత్రమే’ అన్న మాట ఉన్నది ఒక్క యాకోబు 2:24లోనే, అదీ ‘మాత్రమే కాదు’ అని. 1547లో కాథలిక్ చర్చి ట్రెంట్ మహాసభ లూథర్ బోధను ఖండించింది. ఆ తగాదాలో ప్రొటెస్టెంట్లు తమకు నచ్చని కాథలిక్ ఆచారాలన్నిటినీ పౌలు కాలపు యూదుల మీద రుద్ది చదవడం అలవాటైంది. 1977లో ఇ.పి. శాండర్స్ అనే పండితుడు ఆనాటి యూదు రచనలను వరసగా చదివి ఈ చిత్రం తప్పని చూపించాడు. వాళ్లు దేవుడి ప్రేమను కొనుక్కోవడానికి ఆజ్ఞలు పాటించలేదు. ముందే దొరికిన ప్రేమలో నిలిచి ఉండటానికి పాటించారు. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్కులు, లూథరన్లు ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. రక్షణ కృప వల్లే, మంచి పనులు దాని ఫలాలు అని ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆ సయోధ్య క్రైస్తవుల మధ్య కుదిరింది. యూదులతో లెక్క వేరే ఉంది. కొత్త నిబంధన వచ్చింది కాబట్టి పాతది రద్దయిందని చర్చి చాలాకాలం బోధించింది. 1230 ప్రాంతంలో స్ట్రాస్‌బర్గ్ కథీడ్రల్‌కు ఇద్దరు స్త్రీల విగ్రహాలు చెక్కారు. కిరీటం పెట్టుకుని నిటారుగా నిలబడినామె చర్చి. కళ్లకు గంతలు, చేతిలో విరిగిన ఈటెతో తల వంచుకున్నామె సినగాగ్, అంటే యూదు సమాజం. యూదులకు వాళ్ల దేవుడు ఇచ్చిన మాట తప్పాడని రాతిలో రాసినట్టే అది. నిజానికి దేవుడు ఇచ్చిన వరాలు, పిలుపు వెనక్కి తీసుకోనివని రోమా 11లో పౌలే రాశాడు. ఆ వాక్యాన్ని కాథలిక్ చర్చి 1965లో రెండో వాటికన్ మహాసభ ప్రకటనలో ముందుకు తెచ్చింది. 1980లో రెండో జాన్‌పాల్ పోపు జర్మనీలోని మైన్జ్ నగరంలో యూదులను కలిసి, దేవుడు ఎన్నడూ రద్దు చేయని నిబంధనకు చెందిన ప్రజలు అని వాళ్ల గురించి అన్నాడు.

2015లో ఫిలడెల్ఫియాలోని ఒక కాథలిక్ యూనివర్సిటీలో కొత్త విగ్రహాలు పెట్టారు. అదే ఇద్దరు స్త్రీలు. ఇద్దరి తలల మీదా కిరీటాలున్నాయి, కళ్లకు గంతలు లేవు. పక్కపక్కనే కూర్చున్నారు. ఒకామె చేతిలో తోరా (యూదుల ధర్మశాస్త్రం) చుట్ట, ఇంకొకామె చేతిలో పుస్తకం. ఇద్దరూ ఒకరి చేతిలోది ఒకరు చూస్తున్నారు.