ఆ సెలవు వెనుక ఉన్న డిఫెండర్

2017 అక్టోబర్ 10 రాత్రి పనామా అధ్యక్షుడు హువాన్ కార్లోస్ వరేలా ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. తెల్లారితే దేశమంతా సెలవు. కారణం ఒక గోలు. అది కొట్టింది ఫార్వర్డ్ కాదు, రోమన్ టోరెస్ అనే సెంటర్ బ్యాక్. జడలు కట్టిన జుట్టు, భారీ విగ్రహం. గోల్స్ ఆపడమే అతని పని.

ఒక్క గోలుకి సెలవేమిటని నవ్వుకోవచ్చు. అంతకుముందు నాలుగేళ్లు పనామా ఏం దిగమింగిందో తెలిస్తే నవ్వు రాదు.

అక్కడ మొదటి నుంచీ బేస్‌బాల్‌దే, బాక్సింగ్‌దే రాజ్యం. ఫుట్‌బాల్‌లో ప్రపంచకప్ అనేది పొరుగున ఉన్న కోస్టారికా వాళ్లు ఆడే ఆట. 2013 అక్టోబర్ 15న మాత్రం కూడు నోటి దాకా వచ్చింది. సొంతగడ్డపై అమెరికా మీద 2-1 ఆధిక్యం, 90 నిమిషాలూ అయిపోయాయి. అలాగే ముగిస్తే ప్రపంచకప్‌కి ఆఖరి అవకాశమైన ప్లేఆఫ్ ఖాయం. ఇంజురీ టైంలో గ్రాహమ్ జూసీ ఒకటి, ఆరన్ యోహాన్సన్ ఒకటి కొట్టారు. పనామా ఇంటికి, మెక్సికో ప్లేఆఫ్‌కి.

ఇంకో రెండేళ్లకు దెబ్బ నేరుగా టోరెస్ చేతికే తగిలింది. ఉత్తర, మధ్య అమెరికా దేశాల టోర్నీ అయిన గోల్డ్ కప్, 2015 సెమీఫైనల్, అట్లాంటా. లూయిస్ తెహాదాకు 25వ నిమిషంలోనే రెడ్ కార్డ్. పది మందితో ఆడుతూనే పనామా ముందంజ వేసింది, అదీ టోరెస్ హెడర్‌తో. ఆట చివర్లో అతను కిందపడుతుంటే బంతి చేతికి తగిలింది. రెఫరీ మార్క్ గైగర్ మెక్సికోకు పెనాల్టీ ఇచ్చాడు. గొడవతో ఆట పది నిమిషాల దాకా ఆగింది. ఆండ్రెస్ గ్వార్డాడో ఆ పెనాల్టీ కొట్టాడు, అదనపు సమయంలో ఇంకో పెనాల్టీ కూడా కొట్టాడు. 2-1. డ్రెస్సింగ్ రూములో పనామా ఆటగాళ్లు ఆ టోర్నీ నడిపే ఫుట్‌బాల్ సమాఖ్య కాన్కకాఫ్‌ను దొంగలంటూ బ్యానర్ పట్టుకుని ఫొటో దిగారు. రెఫరీయింగ్ తప్పులు ఫలితాన్ని మార్చాయని గైగర్ ఒప్పుకున్నట్టు తర్వాత కాన్కకాఫే ప్రకటించింది. ఒప్పుకుంటే ఏం లాభం, ఫైనల్ ఆడింది మెక్సికో.

అదే ఏడాది టోరెస్ కొలంబియా క్లబ్ మిల్లోనారియోస్ నుంచి అమెరికా క్లబ్ సియాటిల్ సౌండర్స్‌కి మారాడు. నాలుగు మ్యాచ్‌లు ఆడాడో లేదో మోకాలి లిగమెంటు తెగింది. దాదాపు ఏడాది ఖాళీ. తిరిగొచ్చిన సీజన్లోనే, 2016 డిసెంబర్ 10న, గడ్డకట్టే చలిలో టొరంటోలో అమెరికా లీగ్ ఎంఎల్ఎస్ ఫైనల్. సియాటిల్ 120 నిమిషాల్లో గోలు వైపు ఒక్క షాటూ సరిగ్గా కొట్టలేదు! షూటౌట్ ఆరో రౌండ్ దాకా వెళ్లింది. టొరంటో ఆటగాడి బంతి క్రాస్‌బార్‌కి తగిలింది. తర్వాత వచ్చినవాడు టోరెస్. లోపల పెట్టాడు, కప్పు సియాటిల్‌ది.

ఇక 2017లో, 2018 ప్రపంచకప్‌కి ఆఖరి క్వాలిఫయర్. పనామా సిటీలోని రోమెల్ ఫెర్నాండెజ్ స్టేడియం, ఎదురుగా కోస్టారికా. స్టేడియానికి ఆ పేరు 1993లో స్పెయిన్‌లో కారు ప్రమాదంలో పోయిన పనామా స్ట్రైకర్‌ది. 2017 ఏప్రిల్‌లోనే జట్టు మిడ్‌ఫీల్డర్ అమిల్కార్ హెన్రీకెస్‌ను కొలోన్ దగ్గర కాల్చి చంపారు. ఆ దుఃఖమూ మైదానంలో ఉంది.

కోస్టారికా మొదట కొట్టింది. 53వ నిమిషంలో పనామా సమం చేసింది అన్నారు గానీ, రీప్లే చూస్తే బంతి గీత దాటనే లేదు. అక్కడ గోల్‌లైన్ టెక్నాలజీ లేదు. రెఫరీ గోలిచ్చేశాడు. 2015లో పోయినది ఇలా తిరిగొచ్చిందని పనామా వాళ్లు సర్దిచెప్పుకున్నా, నా మటుకు అది తప్పుడు గోలే.

లెక్క మాత్రం చూడండి. మొదటి మూడు జట్లకు నేరుగా ప్రపంచకప్, నాలుగో జట్టుకు ప్లేఆఫ్. అటు ట్రినిడాడ్‌లో అమెరికా 2-1తో ఓడుతోంది, 12 పాయింట్ల దగ్గరే ఆగింది. హోండురాస్ మెక్సికోను 3-2తో గెలిచి 13కి చేరుతోంది. డ్రా అయితే పనామాకు 11, అంటే ప్లేఆఫ్ కూడా లేదు. దొంగ గోలు ఒక్కటీ ఎందుకూ కొరగాదు, ఇంకోటి కావాలి. 88వ నిమిషం. పెనాల్టీ ఏరియాలోకి పొడుగు బంతి. టోరెస్ వెనక ఉండాల్సినవాడు, ముందుకొచ్చేశాడు. డిఫెండర్‌ని భుజంతో నెట్టుకుంటూ, లేచిన బంతిని కుడికాలితో బాదాడు. వల ఊగింది. చొక్కా విప్పి పరుగు. 13 పాయింట్లు, గోల్ తేడాలో హోండురాస్ కన్నా పైన, మూడో స్థానం. అమెరికా 1986 తర్వాత మొదటిసారి ప్రపంచకప్‌కి దూరం.

2018లో రష్యాలో జరిగిన ప్రపంచకప్‌లో కెప్టెన్ పట్టీ టోరెస్‌దే. మూడు మ్యాచ్‌లూ ఓడారు. నిజ్నీ నొవ్‌గొరొద్‌లో ఇంగ్లండ్ చేతిలో 0-6తో వెనకబడి ఉండగా, సబ్‌స్టిట్యూట్‌గా దిగిన 37 ఏళ్ల ఫెలిపె బలోయ్ 78వ నిమిషంలో ఫ్రీకిక్‌కి జారుతూ కాలు పెట్టాడు. ప్రపంచకప్‌లో పనామా తొలి గోలు. కొట్టింది మళ్లీ డిఫెండరే. స్టాండ్స్‌లో ఎర్ర చొక్కాల వాళ్లు మ్యాచ్ గెలిచినట్టే ఎగిరి గంతులేశారు.