పాలకూర వేళ్లకు ఊపిరాడడం లేదు

చిరంజీవులు సుధకు, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మీ అమ్మ పంపిన ఫొటోలు చూశాను. మేడ మీద పైపులకు కన్నాలు చేసి, మట్టి లేకుండా నీళ్లలో పెంచుతున్న పాలకూర మధ్యాహ్నానికల్లా తలలు వాల్చేస్తోంది. సుధ అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. "వేళ్లు రాత్రీ పగలూ నీళ్లలోనే ఉన్నాయి కదా తాతయ్యా, మరి దాహమేసినట్టు ఎందుకు వాడిపోతోంది?"

మన ఊళ్లో చేపల చెరువు ఉన్న ఎవరిని అడిగినా దీనికి జవాబు చెబుతారు. అందుకే వేరును ఒక చేప అనుకోండి. నీళ్లలో బతికే ప్రాణికి నీళ్లు ఒక్కటే చాలవు, ఆ నీళ్లలో కరిగిన గాలి కూడా కావాలి. ఆకు ఎండలో తిండి తయారు చేస్తుందని బళ్లో చదువుకున్నారు. వేరుకు ఆ పని రాదు. ఆకు పంపిన చక్కెరను అది ఆక్సిజన్‌తో కాల్చుకుంటుంది. ఆ బలంతోనే నీళ్లలో కరిగిన పోషక ఉప్పులను లోపలికి లాగుతుంది, నీళ్లు వెళ్లే దారిని తెరిచి ఉంచుతుంది. ఆక్సిజన్ అందకపోతే ఆ దారి మూసుకుపోతుంది. చుట్టూ నీళ్లున్నా పైన ఆకుకు చుక్క అందదు.

లీటరు గాలిలో దాదాపు 280 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. అదే లీటరు నీళ్లలో, 20 డిగ్రీల చల్లదనంలో, తొమ్మిదికి మించి కరగదు. నీళ్లు 35 డిగ్రీలకు వేడెక్కితే అది ఏడుకు పడిపోతుంది. తొమ్మిదికీ ఏడుకీ పెద్ద తేడా ఏముందని బుజ్జి అడుగుతాడు. తేడా రెండోవైపు ఉంది నాన్నా. నీళ్లు పది డిగ్రీలు వేడెక్కితే వేరు పీల్చే ఆక్సిజన్ దాదాపు రెట్టింపవుతుంది. సరుకు తగ్గినప్పుడే అవసరం పెరుగుతుందన్నమాట. హైదరాబాద్ మేడ మీద ఏప్రిల్ ఎండలో మీ పైపులో జరుగుతున్నది ఇదే.

నా చిన్నప్పుడు మబ్బు పట్టి, ఉక్కపోసి, ఆకు కదలని రోజు వచ్చిందంటే మా నాన్నగారికి ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. తెల్లవారుజామున లాంతరు పట్టుకుని చెరువు గట్టుకు వెళ్లేవారు, వెనకాలే నేను. శీలావతులూ బొచ్చెలూ నీటి పైకి తేలి నోళ్లు తెరిచి మూస్తుండేవి. పగలు నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదీ పీల్చుకుంటుంది. అందుకే తెల్లారేసరికి చెరువులో ఊపిరి అడుగంటుతుంది. అప్పుడు నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఎక్కడివి? మేం చెరువులో దిగి కాళ్లతో, కర్రలతో నీళ్లను బాదేవాళ్లం. చలికి నా పళ్లు టకటకలాడేవి. అయినా చేపలు మళ్లీ కిందికి వెళ్లిపోవడం చూస్తే గట్టెక్కబుద్ధయ్యేది కాదు. ఇప్పుడు భీమవరం దారిలో రొయ్యల చెరువుల మీద చక్రాలు తిరుగుతూ నీళ్లు చిమ్ముతుంటాయి చూడండి, అవి చేసేదీ అదే పని. నీళ్లను చిమ్మితే గాలి తగులుతుంది, తగిలిన గాలి కొంత కరుగుతుంది.

మీరూ అదే చేయండి. పైపు నుంచి తొట్టిలోకి తిరిగొచ్చే నీళ్లు చప్పుడు లేకుండా జారుతున్నట్టు ఫొటోలో ఉంది. ఆ గొట్టాన్ని జానెడు పైకి లేపి, నీళ్లు చప్పుడు చేస్తూ పడేలా పెట్టండి. చేపల తొట్టికి వాడే చిన్న గాలి పంపు ఒకటి తెచ్చి తొట్టిలో వేయండి. తొట్టి నల్లగా ఉంది, దానికి తెల్ల రంగు వేయించండి. మీద తడి గోనెసంచి కప్పండి. మధ్యాహ్నం పూట ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసా ఒకటి తొట్టిలో దించితే ఇంకా మంచిది. నీళ్లు 25 డిగ్రీలు దాటకుండా ఉంటే వేళ్లు హాయిగా ఉంటాయి. వెలుతురు పడే కన్నాలన్నీ మూసేయండి, లేకపోతే నాచు పడుతుంది. రాత్రిపూట అది ఏం చేస్తుందో ఇందాకే చెప్పాను.

ఇక మేత సంగతి. 1860లో జర్మనీలో యూలియస్ ఫాన్ సాక్స్ అనే శాస్త్రవేత్త మట్టి లేకుండా, కొన్ని ఉప్పులు కరిగించిన నీళ్లలో మొక్కలు పెంచి చూపించాడు. మీ రెండు సీసాల పోషకాలూ ఆ వంశంలోవే. మొక్క వాలిపోయిందని మీరు ఇంకో మూత పోశారట. చేప మేత ముట్టకపోతే ఇంకా మేత వేస్తామా? చెరువు పాడవుతుంది. ఎండాకాలంలో మొక్క ఉప్పు కంటే నీళ్లు ఎక్కువ తాగుతుంది, కొంత ఆవిరైపోతుంది. తొట్టిలో మిగిలింది చిక్కబడుతుంది. మరీ చిక్కబడితే వేరు ఆ నీళ్లను లాగలేదు. నీళ్లలో ఉప్పులు ఎంత చిక్కగా ఉన్నాయో చూపేది ఈసీ మీటరు. ఆకుకూరలకు అందులో 1.2 నుంచి 2 దాకా ఉంటే సరిపోతుంది. పెరిగితే మామూలు నీళ్లు కలపండి. పది పదిహేను రోజులకోసారి తొట్టి నీళ్లన్నీ తీసేసి కొత్తవి పోయండి. పాత నీళ్లు పారబోయకండి, కరివేపాకు మొక్కకు పోస్తే అది సంతోషంగా తాగుతుంది. ఎవరైనా డీలా పడితే చేతికందింది పెట్టేయకుండా, ముందు ఏమైందో చూడడం నేర్చుకోండి. మొక్కకైనా మనిషికైనా అంతే.

మీ బోరు నీళ్లు కఠినమైనవని గీజరు మీద తెల్ల పొర చూస్తేనే తెలుస్తుంది. ఆ నీళ్లలోని బైకార్బనేటు అనే పదార్థం పీహెచ్‌ను, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకెను, పైకి లాగుతూ ఉంటుంది. పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. ఏడు దాటితే నీళ్లలో ఇనుము ఉన్నా మొక్కకు చిక్కదు. కొత్త ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. మీ ఫొటోలో మూడో మొక్కను చూడండి. సగం బోరు నీళ్లకు సగం వాన నీళ్లో ఫిల్టర్ నీళ్లో కలిపితే ఈ బాధ చాలా తగ్గుతుంది. పీహెచ్ తగ్గించే ద్రావణం ఆమ్లం, కాబట్టి దాన్ని నాన్న చేతే పోయించండి.

చేపలకు జబ్బు చేసినట్టే వేళ్లకూ చేస్తుంది. పిథియం అనే సూక్ష్మజీవి ఒకటుంది. దాని విత్తనాల్లాంటి కణాలు తోకలతో నీళ్లలో ఈదుకుంటూ వేరును వెతుక్కుంటూ వస్తాయి! ఊపిరాడక నీరసించిన వేరంటే వాటికి చులకన. వేరు గోధుమరంగుకు తిరిగి, జిగురుగా, కుళ్లు వాసన వేస్తుంటే చేతివేళ్లతో పట్టి మెల్లగా లాగండి. పైతోలు ఊడొచ్చి లోపల దారం మిగిలితే ఆ మొక్కను తీసేయాల్సిందే. దాని మీద జాలిపడితే పక్కవాటికి అంటుతుంది, నీళ్లన్నీ ఒకటే కదా. తొట్టీ పైపులూ కడిగి ఎండబెట్టి మళ్లీ మొదలుపెట్టండి.

ఇక్కడ నా చేప పోలిక కాస్త తడబడుతుంది. శీలావతి ఊపిరాడకపోతే పైకి ఈదగలదు, వేరు కదల్లేదు. అయినా హవాయి విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ క్రాట్కీ అనే ప్రొఫెసర్ పంపూ కరెంటూ లేని పద్ధతిని తీర్చిదిద్దాడు. డబ్బాలో నీళ్లు పోసి మొక్కను పెట్టి వదిలేస్తాడు. మొక్క తాగుతున్నకొద్దీ నీళ్లు దిగుతాయి. పైన ఖాళీ అయిన చోట తడిగాలిలో కొత్త వేళ్లు వస్తాయి, అవి గాలినే పీలుస్తాయి. అప్పుడు అయ్యో తగ్గిందని నిండా నీళ్లు పోశారో, గాలికి అలవాటుపడ్డ ఆ వేళ్లు మునిగిపోతాయి. బుజ్జి కిటికీలో పెట్టుకున్న పుదీనా సీసాకు ఈ మాట గుర్తుంచుకోండి.

మీకో చిక్కు ప్రశ్న కూడా వచ్చి ఉండాలి. మన వరి నెలల తరబడి నీళ్లలో నిలబడుతుంది, దానికి ఏ పంపూ లేదు, మరి కుళ్లదేం? మీ తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనుకూ ఏరియేటర్ అక్కర్లేదు, పైకొచ్చి గాలి మింగి వెళుతుంది. వరి కూడా కొర్రమీను లాంటిదే. ఆకు నుంచి వేరు దాకా దాని ఒంట్లో గాలి గొట్టాలున్నాయి. తామరైతే ఇంకా గడుసుది. ఆకులు ఎండకు వేడెక్కి గాలిని బురదలోని దుంపదాకా నెడతాయి, అది వేరే గొట్టాల దారిలో మళ్లీ ఆకుల గుండా బయటికొస్తుంది. ఎండ తప్ప ఇంకే సాయమూ లేకుండా ఒక మొక్క గాలిని కిందికి తోసి పైకి రప్పించడం తలచుకుంటే నాకు ఈ వయసులోనూ ఒళ్లు పులకరిస్తుంది. అదెలాగో పూర్తిగా వివరించే కన్నా మీరే చూస్తే బాగుంటుంది. పూల బజారులో కాడతో ఉన్న తామరపువ్వు అడిగి తెచ్చుకోండి. కాడను అడ్డంగా కోసి కన్నాలు లెక్కపెట్టండి. జానెడు ముక్క తీసుకుని, ఒక కొస గ్లాసు నీళ్లలో ముంచి రెండో కొస నుంచి ఊదండి. పాలకూర కాడతోనూ అలాగే చేయండి. రెంటికీ తేడా ఏం కనిపించిందో, ఏ కాడలో ఎన్ని కన్నాలున్నాయో బొమ్మ గీసి నాకు పంపండి.

మీ తాతయ్య