ఎవరో పోర్టింగ్ చేసిన హెడ్డు కొంటున్నారా?

తక్కువ ఖర్చుతో ఇంజిన్ పవర్ పెంచాలనుకునేవాళ్ల చూపు ముందు పడేది సిలిండర్ హెడ్డు మీదే, అంటే సిలిండర్ల పైన మూతలా బిగించే, వాల్వులుండే భాగం మీదే. అందులో తప్పేమీ లేదు. పిస్టన్లు, క్రాంకు, కనెక్టింగ్ రాడ్లు ఎంత మంచివి వేసినా, లోపలికి ఎంత గాలి వెళ్తే అంత పెట్రోలే మండుతుంది, అంత పవరే వస్తుంది. ఆ గాలి దారిలో అతి ఇరుకైన మలుపులన్నీ హెడ్డులోనే ఉంటాయి. హెడ్డులోని గాలి దారుల్ని పోర్టులంటారు, వాటిని గ్రైండర్‌తో అరగదీసి సరిచేయడమే పోర్టింగ్. కొత్తగా పోర్టింగ్ చేయించాలంటే గంటల తరబడి చేతిపని, దానికి తగ్గ కూలి. అందుకే ఎవరో చేయించుకుని, కొన్నాళ్లు వాడి అమ్మేస్తున్న హెడ్డు కొత్తదానికంటే బాగా చవగ్గా కనిపిస్తే ఆశ పుడుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నోరు పెద్దగా తెరిచిన పోర్టుల హెడ్డు కంటే, పగుళ్లు లేకుండా, తక్కువ లోహం తీసిన హెడ్డే కొనండి. తక్కువ తీసినచోట రేపు ఇంకొంచెం తీయొచ్చు. ఎక్కువ తీసినచోట మళ్లీ నింపాలంటే వెల్డింగ్ పెట్టి, మొదటి నుంచి చెక్కాలి. ఆ ఖర్చుకి ఇంకో హెడ్డే వస్తుంది.

పోర్టు పెద్దదైతే ఎక్కువ గాలి వెళ్తుంది కదా అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. 86 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వ్యాసం), 86 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉన్న సిలిండర్ సుమారు 500 సీసీ. 6000 ఆర్పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకి 17 మీటర్ల పైచిలుకు. ఇన్‌టేక్ పోర్టు, అంటే గాలి లోపలికి వచ్చే దారి, 32 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటే దాని వైశాల్యం 8 చదరపు సెంటీమీటర్లు. పిస్టన్ పీలుస్తున్నప్పుడు ఆ పోర్టులో గాలి సగటున సెకనుకి 125 మీటర్ల వేగంతో పోతుంది. అదే పోర్టుని అరగదీసి 37 మిల్లీమీటర్లు దాటించి, 11 చదరపు సెంటీమీటర్లు చేశారనుకోండి. వేగం 91కి పడిపోతుంది. ఇక 3000 ఆర్పీఎం దగ్గర, అంటే మామూలుగా బండి నడిచే చోట, చిన్న పోర్టులో 62 మీటర్లు ఉంటే పెద్దదాంట్లో 45 మాత్రమే.

ఈ వేగం ఎందుకంత ముఖ్యం? పిస్టన్ కిందికి పూర్తిగా దిగి మళ్లీ పైకి ఎక్కడం మొదలుపెట్టాక కూడా ఇన్‌టేక్ వాల్వు తెరిచే ఉంటుంది. కామ్‌ని (వాల్వుల్ని తెరిచి మూసే షాఫ్టుని) బట్టి క్రాంకు మరో 40 నుంచి 70 డిగ్రీలు తిరిగాక గానీ మూసుకోదు. ఆ కొద్ది సమయంలో పిస్టన్ పైకి తోస్తున్నా, పోర్టులోని గాలి తన ఊపు కొద్దీ సిలిండర్‌లోకి చొరబడుతూనే ఉండాలి. గాలికుండే గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. 62 నుంచి 45కి పడితే, ప్రతి గ్రాము గాలిలోని శక్తి దాదాపు సగమైపోతుంది. ఊపు చాలకపోతే లోపలికొచ్చిన మిశ్రమంలో కొంత వెనక్కి తిరుగుతుంది. పికప్ చచ్చిపోతుంది. యజమాని కార్బురేటర్‌నో ఇగ్నిషన్‌నో అనుమానిస్తూ కూర్చుంటాడు.

మరీ ఇరుకైనా ఇబ్బందే. వాల్వు దగ్గర లెక్కగట్టిన సగటు వేగం ధ్వని వేగంలో సుమారు 0.6 వంతు దాటితే సిలిండర్ నిండడం బాగా తగ్గిపోతుందని అమెరికాలోని ఎంఐటీలో చార్లెస్ ఫయెట్ టేలర్ చూపించాడు. కాబట్టి మీ ఇంజిన్ సీసీ ఎంత, ఏ ఆర్పీఎం దాకా తిప్పుతారు అన్నవే పోర్టు సైజుని నిర్ణయించాలి. ఆ హెడ్డు ముందు ఎంత సీసీ ఇంజిన్ మీద, ఏ కామ్‌తో నడిచిందో అమ్మేవాణ్ని అడగండి. రేసు ట్రాక్ మీద 7500 తిరిగిన ఇంజిన్ హెడ్డు, 5500 దాటని మీ ఇంజిన్‌కి ఒప్పదు.

హెడ్డుతో పాటు ఫ్లో షీటు (వాల్వు ఒక్కో ఎత్తు దగ్గర ఎంత గాలి పోయిందో రాసిన పట్టిక) ఇస్తే మంచిదే, కానీ చదవడం తెలియాలి. హెడ్డులో గాలి ప్రవాహాన్ని కొలిచే పద్ధతికి బాట వేసినవాళ్లలో ఇంగ్లండ్‌కి చెందిన హ్యారీ వెస్లేక్ ఒకడు. బెంట్లీ, జాగ్వార్ ఇంజిన్ల హెడ్డులు ఆయన చేతుల్లో మెరుగయ్యాయి. ఇవాళ ఫ్లో బెంచీల మీద ఎక్కువగా 28 అంగుళాల ఎత్తు నీటితో సమానమైన పీడనం దగ్గర కొలుస్తారు. 10 అంగుళాల దగ్గర కొలిచేవాళ్లూ ఉన్నారు. ప్రవాహం పీడనం వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి, 10 అంగుళాల దగ్గర 100 చూపించిన హెడ్డే 28 దగ్గర 167 చూపిస్తుంది. షీటు మీద పీడనం రాయకపోతే ఆ అంకెలతో దేన్నీ పోల్చలేం.

చాలామంది షీటులో చివరి గడిలోని పెద్ద అంకెనే చూస్తారు. మీ కామ్ వాల్వుని 10 మిల్లీమీటర్లే ఎత్తుతుంటే, 14 దగ్గర ఎంత గాలి పోయినా మీకు ఒరిగేదేమీ లేదు. పైగా వాల్వు తెరుచుకునేటప్పుడు ఒకసారి, మూసుకునేటప్పుడు ఒకసారి మధ్య ఎత్తుల్ని రెండుసార్లు దాటుతుంది. పూర్తి ఎత్తుని తాకేది ఒక్కసారే. 44 మిల్లీమీటర్ల వాల్వు 11 మిల్లీమీటర్లు లేచేసరికే, అంటే వ్యాసంలో నాలుగో వంతుకే, దాని అంచు చుట్టూ తెరుచుకునే సందు వాల్వు ముఖం వైశాల్యంతో సమానమవుతుంది. అంతకు దిగువన గాలిని ఆపేది ముఖ్యంగా సీటు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే చోటు), దాని పక్కనున్న కాస్త జాగా. నేనైతే 5 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్య అంకెల్నే ముందు చూస్తాను.

అందుకే హెడ్డు చేతికి రాగానే పోర్టు నోటిని వదిలేసి, ఒక వాల్వు విప్పించి సీటు చూడండి. మంచి సీటు మీద వాల్వు ఆనే చోట మసక బూడిదరంగు వలయం కనిపిస్తుంది. అది చుట్టూ ఒకే వెడల్పుతో, ఎక్కడా తెగకుండా ఉండాలి. ఇన్‌టేక్‌కి ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు సరిపోతుంది. ఎగ్జాస్ట్‌కి కొంచెం ఎక్కువ ఉండాలి, ఎందుకంటే ఎర్రగా కాలే ఆ వాల్వు వేడిలో ఎక్కువ భాగం సీటు గుండానే హెడ్డులోకి దిగుతుంది. 45 డిగ్రీల ఆ వలయానికి పైనా కిందా వేరే కోణాల్లో కోసి, గాలి తిరగడానికి వీలు చేశారా అనేది చూడండి. తర్వాత వేలు లోపలికి పెట్టి, పోర్టు నేల సీటు వైపు దిగే చిన్న మలుపుని తడమండి. నున్నగా, గుండ్రంగా తిరగాలి. అక్కడ మొనలాంటిది తగిలినా, మలుపుని గొయ్యిలా లోతుకి తవ్వేసినా గాలి గోడని వదిలేసి సుడి తిరుగుతుంది. పోర్టింగ్ చేసినవాడి పనితనం తెలిసేది ఆ రెండు సెంటీమీటర్లలోనే. అద్దంలా మెరిసే ఇన్‌టేక్ పోర్టు చూసి మురిసిపోవద్దు. కార్బురేటర్ ఇంజిన్‌లో అలాంటి గోడ మీద పెట్రోలు తడిగా పేరుకుంటుంది, కాస్త గరుకుగా ఉంటేనే మేలు.

వాల్వుని సీటు నుంచి 10 మిల్లీమీటర్లు లేపి పక్కలకి ఊపితే గైడు (వాల్వు కాండం జారే గొట్టం) సంగతి తెలుస్తుంది. కదలిక కంటికి స్పష్టంగా కనిపిస్తుంటే గైడ్లు పోయినట్టే. గైడు మార్చాక సీటు మళ్లీ కోయక తప్పదు, ఎందుకంటే సీటు కేంద్రం గైడుని బట్టే కుదురుతుంది. పాత సీటు పనికి పెట్టిన డబ్బు అక్కడే పోతుంది. సీట్లు చాలాసార్లు కోసిన హెడ్డులో వాల్వు లోపలికి దిగిపోయి ఉంటుంది. 44 మిల్లీమీటర్ల వాల్వు ఒక మిల్లీమీటరు దిగితే చాంబర్ (హెడ్డులో మిశ్రమం మండే గుంట) సుమారు ఒకటిన్నర సీసీ పెరుగుతుంది. వెనకవైపు కాండం అంతే పైకి తేలి, స్ప్రింగు వదులవుతుంది.

అసలు భయం పగుళ్లది. ఇనుప హెడ్డుని అయస్కాంత పొడితో, అల్యూమినియం హెడ్డుని రంగు ద్రవంతో పరీక్షిస్తారు. పోర్టింగ్ చేసిన హెడ్డుకి ప్రెషర్ టెస్టు (నీటిదారుల్లో గాలి ఒత్తిడి పెట్టి లీకు చూడడం) కూడా తప్పనిసరి అంటాను. గ్రైండర్ పట్టినవాడికి గోడ వెనక నీటిదారి ఎంత దూరంలో ఉందో కనిపించదు. చిల్లు పడితే ఎపాక్సీతో పూడ్చి, పైన నునుపు చేసి అమ్మేసేవాళ్లున్నారు. పోర్టు గోడలో రంగు తేడాగా ఉన్న మచ్చ కనిపిస్తే గోటితో గీకి చూడండి. ప్రెషర్ టెస్టుకి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకండి, ధర ఎంత తగ్గించినా సరే.

కింది ముఖం వంకర పోయిందేమో స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ పెట్టి చూడాలి. 0.1 మిల్లీమీటరు ఆకు కింద దూరితే ఫేసింగ్ (ముఖాన్ని చదునుగా చెక్కడం) చేయించాల్సిందే. చాలా ఇంజిన్లకు హద్దు అంతకంటే తక్కువే. అయితే అంతకుముందు ఎన్నిసార్లు చేశారన్నది అడగాలి. 500 సీసీ సిలిండర్‌కి, పిస్టన్ పైకి వచ్చాక మిగిలే ఖాళీ 50 సీసీ అయితే కంప్రెషన్ నిష్పత్తి 11 (550ని 50తో భాగిస్తే). ఆ ఖాళీ 46కి తగ్గితే దాదాపు 11.9. మీరు పోసే పెట్రోలుకి అది ఎక్కువై, మిశ్రమం అదుపు తప్పి మండి ఇంజిన్ కొట్టుకోవచ్చు (నాకింగ్). 54కి పెరిగితే 10.3కి దిగి, పోర్టింగ్ తెచ్చిన లాభంలో కొంత తినేస్తుంది. చాంబర్ మీద పారదర్శకమైన ప్లాస్టిక్ పలక బిగించి, బ్యూరెట్‌తో పల్చటి నూనె పోస్తే అసలు కొలత నిమిషాల్లో తెలుస్తుంది. సిలిండర్లు రెండు వరుసలుగా ఉండే వీ ఇంజిన్ అయితే రెండు హెడ్డుల్నీ ఇలాగే కొలవండి. అమ్మేటప్పుడు జత అంటారు గానీ, ఒకదాన్ని ఎక్కువ చెక్కి ఉండవచ్చు. చెక్కిన హెడ్డు కిందికి దిగడంతో వీ ఇంజిన్‌లో మ్యానిఫోల్డు (హెడ్డులకి గాలి పంచే గొట్టాల భాగం) రంధ్రాలు కలవవు. కామ్ హెడ్డు మీదే ఉండే ఓవర్‌హెడ్ కామ్ ఇంజిన్‌లో కామ్ టైమింగ్ వెనక్కి జరుగుతుంది.

ఇవన్నీ చూశాక గైడ్లు, సీటు పని, ఫేసింగ్, స్ప్రింగులు, ప్రెషర్ టెస్టు ఖర్చులన్నీ అడిగే ధరకి కలపండి. ఆ మొత్తం కొత్త హెడ్డు ధరకి దగ్గరగా వస్తే వదిలేయండి. బాగా తక్కువుంటే తీసుకోండి. బిగించేముందు పిస్టన్ మీద మెత్తటి మట్టి అద్ది, స్ప్రింగుల బదులు తేలికపాటివి వేసి, పాత గ్యాస్కెట్‌తో హెడ్డు కూర్చోబెట్టి, క్రాంకుని చేత్తో రెండు చుట్లు తిప్పండి. హెడ్డు విప్పి, వాల్వు అచ్చు పడినచోట మట్టిని కోసి మందం కొలవండి, వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య మిగిలే సందు అదే. ఇన్‌టేక్ వైపు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు రెండున్నర మిగిలితే కొత్త గ్యాస్కెట్ వేసి బోల్టులు టార్క్ చేయొచ్చు.